వీపు

ఆ కెమెరాని మా ఫ్రిజ్ మీద పెట్టింది వాళ్ళు కాదు, నా కూతురు రోండా. వాళ్ళ మీద నాకున్న కోపం ఒక ఎత్తు, కూతురి మీద కోపం ఒక ఎత్తు.

కాడ్ చేపల వేట ప్రభుత్వం మూసేశాక అది మూడో వేసవి. సముద్రంలో చేపలు అయిపోయాయన్నారు. ఎవరి మూలంగా అయిపోయాయో మాత్రం అనలేదు. పెద్ద పెద్ద ఓడలేసుకొచ్చి అడుగంటా ఊడ్చుకుపోయినవాళ్ళు వేరే. పడవలు ఒడ్డుకి లాక్కోమన్నది మమ్మల్ని. లాక్కున్నాం. మా పడవ కింద గడ్డి మొలిచింది. చేపల ఫ్యాక్టరీకి తాళం పడింది, రోండా పని పోయింది. మొగుడితో సరిపడక అంతకుముందే ఇంటికొచ్చేసిన పిల్ల. ఉన్న పని కూడా పోయేసరికి రోజంతా మేడమెట్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునేది.

అప్పుడు దిగారు మా దీవికి మెయిన్‌లాండ్ నుంచి ముగ్గురు. ఏదో యూనివర్సిటీ వాళ్ళు. పని పోయిన ఊళ్ళో మనుషులు రోజూ ఏం చేస్తారో చూడాలట. ఎలా లేస్తారు, ఎక్కడ కూర్చుంటారు, టీ ఎవరు పోస్తారు, ఎవరు ఎవరింటికి వెళతారు. ఊరు తెలిసిన మనిషి ఒకరు కావాలన్నారు, రోండాని పెట్టుకున్నారు. బాగా చేస్తే చలికాలం కూడా పని ఉంటుందన్నారు.

"మనుషులు టీ తాగడం చూస్తే జీతమిస్తారా?" అన్నాను.

"ఇస్తారు నాన్నా. నువ్వు నోరు తెరిస్తే బోనస్ కూడా ఇస్తారు," అంది రోండా.

మా ఆవిడ ట్రైఫీనా పడీపడీ నవ్వింది. నా మీద ఎవరు జోకు వేసినా ఆవిడకి ఇష్టమే.

మొదటిరోజు వాళ్ళు తలుపు తట్టారు. సముద్రపు మలుపులో నాలుగిళ్ళ ఊరు మా కోవ్, ఇక్కడ ఎవరూ తలుపు తట్టరు. తోసుకుని లోపలికొచ్చి కూర్చుంటారు. తట్టేది పోలీసు, లేకపోతే ఎవరో మునిగిపోయారని చెప్పడానికొచ్చిన పాదిరీ. ఆ చప్పుడుకి ట్రైఫీనా చేతిలో కప్పు జారి పగిలింది. "ఎవరు పోయారు? ఎవరు?" అంటూ పరిగెత్తింది. తీరా తలుపు తీస్తే ముగ్గురూ నవ్వుతూ నిలబడి ఉన్నారు.

నదీన్ అనే ఆవిడ మనసుల సంగతి చదివింది. సన్నటి మనిషి, సన్నటి గొంతు. ఫిచ్ అనే గడ్డాలాయన ఊళ్ళ ఆచారాలు చదివాడు. టోబిన్ అనే మూడోవాడు ఒంట్లో ఏ కీలు ఎటు తిరుగుతుందో చదివాడు. మూడు చదువులూ కలిస్తే మనిషి పూర్తిగా అర్థమవుతాడని వాళ్ళ నమ్మకం. నాకు చేపలు కోసే మా కొట్టు గుర్తొచ్చింది. అక్కడా బల్ల దగ్గర ముగ్గురే నిలబడతారు. ఒకడు గొంతు కోస్తాడు, ఒకడు తల తీస్తాడు, ఒకడు వెన్నుముల్లు లాగుతాడు. చేప ముస్తాబవుతుంది. మళ్ళీ ఈదదు, అంతే.

ఆ మాట పైకి అనలేదు. పైకి అనడం నాకు అలవాటు లేదు.

వాళ్ళకి బాగా నచ్చింది మా తమ్ముడు హేబర్.

హేబర్ రోజూ తెల్లవారుజామున మా ఇంటికొస్తాడు. వేట మూసేసిన మర్నాడు మొదలైంది అది. పడవ తీసే వేళకి మామూలుగానే నాకు మెలకువ వచ్చేసింది. ఎక్కడికి పోవాలో తెలియక వంటింట్లో కూర్చున్నాను. తలుపు తోసుకుని వాడొచ్చాడు. పొయ్యి పక్కన మా నాన్న చేసిన పొడుగు బల్ల ఉంది, దాని మీద కూర్చున్నాడు. నేను నీళ్ళు కనబడతాయని కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను. ట్రైఫీనా టీలో డబ్బాపాలు పోసి ఇచ్చింది. తాగాడు. బాగా వెలుగొచ్చాక లేచి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. మంచు మోకాళ్ళ లోతు పడ్డా అంతే. వాడి భార్య మాడ్‌ని పాతిపెట్టిన మర్నాడు కూడా వచ్చి అక్కడే కూర్చున్నాడు.

మాట్లాడుకునేవాళ్ళమా అంటే, ఏదో ఒకటి. గాలి తిరిగిందని నేనంటాను. ఊఁ అని వాడంటాడు. ముప్పై ఏళ్ళ పైన ఒకే పడవలో వేట చేశాం, అప్పుడూ ఇంతే. నేను ముందు కొసన నిలబడి బండలూ, నీళ్ళలో తేలే గుర్తుల బోయాలూ చూసేవాణ్ణి. వాడు వెనక ఇంజను దగ్గర చుక్కాని పట్టుకునేవాడు. నేను అడ్డమైతే అరిచేవాడు: "వీపు జరుపన్నా! దారంతా నీ వీపే!" కొన్ని రోజులు రేవు వదిలి మళ్ళీ రేవుకొచ్చేదాకా వాడి నోట వచ్చిన మాట అదొక్కటే.

"చిన్నాన్నా, ఈ కాయితం మీద సంతకం పెట్టు. నువ్వు టీ తాగుతుంటే బొమ్మ తీస్తారు," అంది రోండా ఒకరోజు.

"నా బొమ్మ ఎవడు చూస్తాడే?" అంటూనే పెట్టాడు. వాడికి అది బిడ్డ కింద లెక్క. అది ఏం అడిగినా పెట్టేవాడే.

జూన్‌లో, కేప్లిన్ అనే చిన్న చేపలు గుట్టలుగా ఒడ్డున పడే రోజుల్లో రోండా కెమెరా పెట్టింది. అవి పోయాక కూడా అది అక్కడే ఉంది, ఫ్రిజ్ మీద, ఎర్రటి చుక్కతో. హేబర్ వెళ్ళిపోగానే ముగ్గురూ వచ్చేవాళ్ళు. నా భోజనాల బల్ల మీదే చిన్న టీవీ పెట్టుకుని, ట్రైఫీనా వేయించిన పిండిరొట్టెలు నల్లటి పాకంలో ముంచుకుని తింటూ, నా తమ్ముణ్ణి ముందుకీ వెనక్కీ తిప్పుకునేవాళ్ళు.

హేబర్ టీ తాగేముందు కప్పు మీద వేలితో కొడతాడు. దాని మీద ఒక పూటంతా పోట్లాడుకున్నారు. అది మాడ్ కోసం దిగులని నదీన్ అంది. ఇంటివాళ్ళకి మర్యాద చెయ్యడమని ఫిచ్ అన్నాడు. చలిలో వలలు లాగి లాగి వేళ్ళ కీళ్ళు పట్టేశాయని టోబిన్ అన్నాడు.

"కప్పు కాలుతోందేమో," అంది ట్రైఫీనా.

ముగ్గురూ ఆవిడ వైపు జాలిగా నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోను.

జూలైలో పొగమంచు దిగిన రోజొకటి. కిటికీలో నీళ్ళు లేవు, రేవు లేదు, తెల్లటి గోడ. హేబర్ వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి నదీన్ వచ్చింది. ఈపాటికి తలుపు తట్టకూడదని నేర్చుకుంది. వాడి పక్కనే బల్ల మీద కూర్చుంది. నేను కిటికీలోకి చూస్తూనే ఉన్నాను, వెనక మాటలు వినబడుతున్నాయి.

"హేబర్ గారూ, ఒక్క మాట అడగనా? రోజూ ఇక్కడికి ఎందుకొస్తారు?"

"టీకమ్మా."

"మీ ఇంట్లో టీ లేదా?"

"ఉంది."

"మరి?"

వాడి వేలు కప్పు మీద కొట్టుకున్న చప్పుడైంది.

"అన్నయ్యగారితో మాట్లాడదామనా?"

"మా అన్నతోనా!" అన్నాడు హేబర్. ట్రైఫీనా కిసుక్కున నవ్వింది. నదీన్ నవ్వలేదు.

"ఒకరోజు మీరు రాలేదనుకోండి. మీ కోసం ఎవరైనా వస్తారంటారా?"

మెత్తగానే అడిగింది. చేప నొప్పి తెలియకుండా పోవాలంటే కత్తి పదునుగా ఉండాలి, అలా. పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ట్రైఫీనా నా వైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది. జవాబు చెప్పాల్సింది హేబర్ కాదు.

"పొగమంచు ఇవాళ విడవదు," అన్నాను.

ఊఁ అనలేదు వాడు. కాసేపుండి లేచి వెళ్ళిపోయాడు. కప్పులో టీ సగం అలాగే ఉంది.

ఆ తర్వాత కూడా వచ్చాడు, రాలేదని కాదు. కానీ లోపలికొచ్చి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు, కొత్త చోటికొచ్చినవాడిలా. అంతకుముందు ఆగేవాడు కాదు.

ఆగస్టులో చర్చి హాల్లో అందరినీ పిలిచి చూసిందంతా చూపిస్తామన్నారు. ఊరంతా వచ్చింది. వేట మూశాక ఊరంతా కదిలొచ్చింది చావులకే, అందుకని పండగలా అనిపించి వచ్చారు. రోండా నీలం గౌను వేసుకుని కుర్చీలు సర్దుతూ తిరిగింది. అది అంత హుషారుగా ఉండగా చూసి చాలా కాలమైంది. హేబర్ ముందు వరసలో కూర్చున్నాడు, చెవి సరిగ్గా వినబడదు కాబట్టి. నేను వెనక గోడకి ఆనుకున్నాను.

పేర్లు చెప్పబోమన్నారు. మొహాలు కనబడకుండా నల్ల ముక్కలు అతికించామన్నారు. నిజమే, మొహాలకి అతికించారు. వీపుకి అతికించలేదు. మోచేతి దగ్గర ట్రైఫీనా తోలుముక్క వేసి కుట్టిన నా చొక్కా ఊళ్ళో కుక్కలు కూడా గుర్తుపడతాయి.

"ఓబద్యా! నీ వీపు సినిమాకెక్కిందిరోయ్!" అని మా ఊరి క్లారెన్స్ గాడు అరిచాడు. హాలంతా గొల్లుమంది.

ఎన్నో పొద్దులు ఒకదాని మీద ఒకటి వేగంగా తిప్పారు. తెర మీద హేబర్ వస్తాడు, కూర్చుంటాడు, మాయమవుతాడు. వస్తాడు, కూర్చుంటాడు, మాయమవుతాడు. నా వీపు మాత్రం కదలదు, రేవులో పడవలు కట్టే గుంజలాగా. చూస్తుంటే నాకు ఏదో తట్టింది, బాగా తెలిసినదే. ఏమిటో పట్టుకుందామనేలోపు జనం నవ్వుల్లో కొట్టుకుపోయింది.

టోబిన్ నా మెడకీ వాడి మెడకీ రంగు గీతలు గీసి చూపించాడు. రెండు గీతలూ ఎక్కడా కలవలేదు. ఒకే గదిలో ఉంటూ ఒకరినొకరు దూరంగా ఉంచుకునే పద్ధతి ఇది అన్నాడు ఫిచ్. నదీన్ చివర లేచింది. "ఇన్ని వారాల్లో ఆ పెద్దాయన రెండో ఆయన మొహం ఒక్కసారి కూడా చూడలేదు. ఐనా ఆ రెండో ఆయన మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఒంటరితనం మనిషితో ఏం చేయిస్తుందో చూడండి," అంది. కళ్ళు తుడుచుకుంది కూడా. ఆడవాళ్ళు కొందరు అయ్యో అన్నారు. ఆ అయ్యో వాడి కోసమే.

హేబర్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. కుర్చీల మధ్య నుంచి, అడ్డమొచ్చినవాళ్ళ మోకాళ్ళు తగలకుండా ఒద్దికగా నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నా పక్కనుంచే వెళ్ళాడు. నేను నేల చూశాను.

మర్నాడు రాలేదు.

ట్రైఫీనా అలవాటు కొద్దీ వాడి కప్పులో టీ పోసింది. దాని మీద మీగడ కట్టేదాకా చూశాను. వెలుగొచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. ఫ్రిజ్ మీద ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది, ఖాళీ బల్లని కూడా చూసుకుంటూ. తీసేయడం మరిచిపోయారట.

లేచి దాన్ని పీకాను. తీగతో సహా చంకలో పెట్టుకుని చేపల కొట్టులోకి వెళ్ళాను. మూడేళ్ళుగా ఎండిపోయి ఉంది కోత బల్ల. దాని మీద పెట్టాను. కత్తి ఎక్కడ దింపాలో తెలియలేదు. గొంతు లేదు, కడుపు లేదు. సుత్తి తీసుకున్నాను.

చప్పుడుకి రోండా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా! అది నాది కాదు నాన్నా!"

"తెలుసు."

"నా పని పోతుంది!"

"వాడు రాలేదు."

"రాకపోతే నువ్వెళ్ళు! కెమెరా పట్టుకు ఆపిందా నిన్ను?" కింద పడ్డ ముక్క ఒకటి ఏరుకుంది. "నేను పెట్టిన కెమెరా ఒక్క వేసవే ఉంది. ఆ వీపు ఎప్పట్నుంచీ ఉంది నాన్నా? నేనూ దాన్ని చూస్తూనే పెరిగాను."

ఇంకోసారి కొట్టాను. దేన్ని కొడుతున్నానో నాకే తెలియలేదు.

మధ్యాహ్నం నదీన్ వచ్చింది. తలుపు తట్టింది. ట్రైఫీనా లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. "ఎవరినీ నొప్పించాలని కాదండీ," అంది.

"చేపని కూడా ఎవరూ నొప్పించాలని కొయ్యరు తల్లీ," అన్నాను. ఆ వేసవిలో నేను వాళ్ళతో అన్న మాటల్లోకి పెద్దది అదే. రికార్డు చేసుకోవడానికి కెమెరా లేదు.

వారం తిరక్కుండా వెళ్ళిపోయారు. రోండా చలికాలపు పని కూడా వాళ్ళ వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయింది. అది నాతో మాట్లాడడం మానేసింది. ఉప్పు కావాలన్నా వాళ్ళమ్మ ద్వారా అడిగేది. నేను మాట్లాడకపోవడం వేరు, ఎదటిమనిషి మాట్లాడకపోవడం వేరు. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

"వెళ్ళు," అంది ట్రైఫీనా.

"మానేసింది వాడు. రావాల్సింది వాడు."

"ఇద్దరు ముసలాళ్ళు. రెండిళ్ళ మధ్య ఒక్క గుట్ట," అంది ఆవిడ. మర్నాటినుంచి ఉతికిన బట్టలు మడిచి హేబర్ కూర్చునే బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. నేను తీసి నేల మీద పడేసేవాణ్ణి. ఆవిడ మళ్ళీ పెట్టేది. నోటి మాట లేకుండా ఆ యుద్ధం సాగింది.

చిత్తడినేలలో నారింజరంగు పళ్ళు పండే రోజులు. బాటలో హేబర్ ఎదురొచ్చాడు, చేతిలో బకెట్టుతో.

"రావడం లేదేంరా?" అన్నాను.

వాడు బకెట్టు కింద పెట్టాడు.

"ఎందుకు రావాలో తెలీడం లేదన్నా. ఇదివరకు కాళ్ళే తీసుకొచ్చేవి. ఆ పిల్ల అడిగిందగ్గర్నుంచీ మెట్టు దిగగానే 'ఎందుకు' అనిపిస్తోంది. అక్కడే నిలబడిపోతున్నాను. నిలబడి నిలబడి లోపలికి పోతున్నాను."

"ఆ బొమ్మ నమ్మావా నువ్వు?"

"అబద్ధం చూపించారంటావా?"

నాకు ఒళ్ళు మండింది. "దారినపోయేవాళ్ళు చూపించింది నమ్ముతావు, నన్ను నమ్మవురా?"

"నువ్వేం చెప్పావని నమ్మనన్నా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను వాడి బకెట్టులో పళ్ళు చూస్తూ నిలబడ్డాను. వాడు బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

సెప్టెంబరులో తొలి నూగుమంచు పడిన పొద్దు. పడవ తీసే వేళకి మెలకువ వచ్చింది. వంటింట్లోకి వచ్చాను. బల్ల మీద మడతపెట్టిన దుప్పట్లు. వాటిని నేల మీద పడేయలేదు. బూట్లు వేసుకున్నాను. వాకిలి మెట్ల మీద రోండా కూర్చుని ఉంది. నా వైపు చూసింది కానీ ఎక్కడికని అడగలేదు. జరిగి దారిచ్చింది.

గుట్ట ఎక్కడానికి నా తుంటి ఒప్పుకోలేదు. దారిపొడుగునా తిట్టుకుంటూనే ఎక్కాను. ఆ ముగ్గుర్నీ, ఓడలవాళ్ళనీ, ప్రభుత్వాన్నీ, క్లారెన్స్‌నీ, వాణ్ణీ. తలుపు తోశాను.

హేబర్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. వాడి మొహం చూశాను. కూర్చోకుండా, నిలబడి, బాగా చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి. కనుబొమలు తెల్లబడ్డాయి. ముసలాడైపోయాడు. ఎప్పుడయ్యాడో నాకు తెలియదు. నేను మొహం చూడలేదన్న ఆ ఒక్క ముక్కా నదీన్ సరిగ్గానే చెప్పింది. దానికీ కోపమే నాకు.

"ఏంటన్నా?" అన్నాడు.

"ఏం లేదు."

"ఎవరైనా పోయారా?"

"పోలేదు."

కిటికీ దగ్గర కుర్చీ ఒకటి ఉంది, మాడ్‌ది. దాన్ని ఈడ్చాను. నీళ్ళ వైపు తిప్పుతుంటే హాల్లో తట్టిందే మళ్ళీ తట్టింది. ఈసారి పట్టుకున్నాను. పట్టుకుని, పడవలో ముందు కొసన నిలబడ్డట్టే వాడికి వీపు పెట్టి కూర్చున్నాను.

కింద రేవు కనబడుతోంది. గడ్డిలో మా పడవ కనబడుతోంది. దాని అవతల ఇంకా చీకటి వదలని నీళ్ళు.  పొమ్మంటాడేమో అనుకున్నాను. అంటే పోదామనే అనుకున్నాను.

"గాలి ఉత్తరానికి తిరిగింది," అన్నాను.

 తర్వాత పొయ్యి మీద కెటిల్ పెట్టిన చప్పుడు. కుర్చీ కిర్రుమంది. వాడు ముందుకి వంగినట్టున్నాడు.

"వీపు జరుపన్నా. దారంతా నీ వీపే," అన్నాడు.

జరిపాను.